ఆడియో సర్క్యూట్ల పనికి బెంచ్ పవర్ సప్లైని ఎంచుకోవడం ఎలా?

ప్రీయాంప్లిఫయర్లు, హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లు, గిటార్ పెడల్స్, చిన్నాపెద్దా పవర్ యాంప్లిఫయర్లు సొంతంగా కట్టుకునేవారికి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ల తర్వాత కొనవలసిన పరికరం బెంచ్ పవర్ సప్లై, అంటే బల్ల మీద ఉంచుకుని వోల్టేజీని, కరెంటు పరిమితిని మనమే పెట్టుకోగలిగే డీసీ సరఫరా. దాని వివరాల పట్టికలో ముందుగా కంటపడేవి గరిష్ఠ వోల్టేజీ, గరిష్ఠ కరెంటు. ఆంపియర్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదనే లెక్కతో కొంటే, ఆడియో పనికి అక్కరలేని శక్తికి డబ్బు పెట్టి, నిజంగా అవసరమైన గుణాలను వదులుకున్నట్టవుతుంది. ఆడియో బల్ల మీద ఈ పరికరం చేయవలసిన పనులు రెండే: కొత్తగా కట్టిన సర్క్యూట్‌లో తప్పు ఉంటే భాగాలు కాలిపోకముందే కరెంటును ఆపాలి, సర్క్యూట్ సొంత శబ్దం ఎంతో మనకు తెలియాలంటే తాను నిశ్శబ్దంగా ఉండాలి. పూర్తయిన యాంప్లిఫయర్‌కు నిండు శక్తిని అందించే బాధ్యత దానిది కాదు, ఎందుకంటే ఆ యాంప్లిఫయర్ పెట్టెలో దాని సొంత సరఫరా ఉంటుంది. కింద చెప్పిన ప్రతి నిర్ణయమూ ఈ రెండు పనులను బట్టి తీసుకోవలసిందే.

1. ముందుగా కట్టబోయేవాటి పట్టిక రాసుకోండి

మీరు కట్టాలనుకుంటున్న సర్క్యూట్లను ఒక కాగితం మీద వరుసగా రాసి, ఒక్కొక్కదాని పక్కన దానికి కావలసిన వోల్టేజీని, సుమారు కరెంటును వేయండి. గిటార్ పెడల్‌కు సాధారణంగా 9 వోల్టుల ఒంటి సరఫరా చాలు. అనలాగ్ పెడల్ అయితే కరెంటు చాలావరకు కొన్ని మిల్లీఆంపియర్లే. ఆప్-యాంప్‌లతో (సిగ్నల్‌ను పెంచే చిన్న ఐసీలతో) కట్టే ప్రీయాంప్లిఫయర్, టోన్ కంట్రోల్, యాక్టివ్ క్రాసోవర్, ఫోనో (రికార్డు ప్లేయర్) ప్రీయాంప్లిఫయర్ వంటివాటికి గ్రౌండ్‌కు అటూ ఇటూ ±12 నుంచి ±15 వోల్టులు కావాలి. ఆడియోలో ఎక్కువగా వాడే ఎన్‌ఈ5532 ఐసీ ఒక్కొక్కటి మామూలుగా 8 మిల్లీఆంపియర్లు, గరిష్ఠంగా 16 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది కనుక, అలాంటివి ఆరు ఉన్న బోర్డు కూడా సిగ్నల్ లేనప్పుడు 100 మిల్లీఆంపియర్లు దాటకూడదు. ఎల్‌ఎం3886 వంటి పవర్ ఐసీలను ±25 వోల్టులకు అటూ ఇటూగా నడుపుతారు. టీపీఏ3116 రకం క్లాస్-డి (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేగంగా స్విచ్ అవుతూ పనిచేసే) బోర్డులకు 12 నుంచి 24 వోల్టుల ఒంటి సరఫరా సరిపోతుంది.

వాల్వు యాంప్లిఫయర్లు కట్టాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. వాల్వుల ప్లేటుకు కావలసిన 250 వోల్టులు, ఆపైన ఉండే వోల్టేజీలను మామూలు బెంచ్ సప్లై ఇవ్వదు. ఎన్నో సప్లైలను వరుసగా కలిపి అంత వోల్టేజీ తెప్పించే ప్రయత్నం ప్రాణాంతకం. అయితే 12ఏఎక్స్7 వంటి వాల్వు హీటర్‌ను 6.3 వోల్టుల డీసీతో వేడి చేసి, వినబడే హమ్ హీటర్ వైరింగ్ నుంచి వస్తున్నదా కాదా అని తేల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. అందుకు 300 మిల్లీఆంపియర్లు చాలు.

పట్టిక పూర్తయ్యాక చూస్తే, చాలామందికి ఎక్కువ వరుసల్లో ± గుర్తే కనబడుతుంది. ఆడియోకు కొనే సప్లైలో రెండు చానళ్లు ఉండాలనడానికి అదే కారణం.

2. రెండు చానళ్లు, రెండూ విడివిడిగా తేలుతూ ఉండాలి

రెండు చానళ్లున్న సప్లైలో ఒకదాని మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలిపి, ఆ కలయికను సర్క్యూట్ గ్రౌండ్‌గా తీసుకుంటే ± సరఫరా తయారవుతుంది. ఇది సాధ్యం కావాలంటే రెండు చానళ్లకూ ఒకదానితో ఒకదానికి గానీ, ఎర్త్‌తో గానీ లోపల సంబంధం ఉండకూడదు. ముందు పలక మీద ప్లస్, మైనస్ టెర్మినళ్ల పక్కన ఆకుపచ్చగా కనిపించే మూడో టెర్మినల్ ఎర్త్. దాన్ని మైనస్‌కు కలుపుతూ కొన్నింటిలో ఒక చిన్న లోహపు పట్టీ ఉంటుంది, దాన్ని తీసేయవచ్చు. పట్టీ లేకుండానే లోపల మైనస్‌ను ఎర్త్‌కు కలిపేసిన సప్లైలు ఆడియో పనికి ఇబ్బంది పెడతాయి. కంప్యూటర్ ఏటీఎక్స్ సప్లైలో కామన్ తీగ లోపలే ఎర్త్‌కు కలిసి ఉంటుంది కనుక, అలాంటివి రెండు తెచ్చి వరుసగా కలిపి ± సరఫరా చేయబోతే ఒకదాని అవుట్‌పుట్ ఎర్త్ ద్వారా షార్ట్ అవుతుంది. ఆసిలోస్కోప్ వాడేవారికి ఈ విషయం మరీ ముఖ్యం: స్కోప్ ప్రోబు గ్రౌండ్ క్లిప్పు కూడా ఎర్తే, కాబట్టి ఎర్త్‌కు కట్టేసిన సప్లైతో పనిచేసేటప్పుడు ఆ క్లిప్పును ఎక్కడ పెట్టినా ఆ బిందువును ఎర్త్‌కు కలిపినట్టే.

తరువాత చూడవలసింది ట్రాకింగ్. ఒక నాబ్ తిప్పితే రెండు చానళ్లూ కలిసి పెరిగి, కలిసి తగ్గే ఏర్పాటు ఇది. దీనివల్ల శ్రమ తగ్గడం చిన్న లాభం. సర్క్యూట్‌కు రెండు వైపులా సమానమైన వోల్టేజీ అందడం పెద్ద లాభం. దానికంటే ముఖ్యమైనది, రెండు చానళ్లనూ ఒకే క్షణంలో కలిపి విడదీసే అవుట్‌పుట్ బటన్. ఒక రైల్ (ప్లస్ లేదా మైనస్ సరఫరా తీగ) ముందు వచ్చి రెండోది ఆలస్యమైతే, డీసీ కప్లింగ్ ఉన్న (అవుట్‌పుట్‌లో డీసీని ఆపే కెపాసిటర్ లేని) యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఒక రైల్‌కు అతుక్కుపోయి, దాని చివర స్పీకర్ ఉంటే వాయిస్ కాయిల్‌కు డీసీ పోతుంది. ట్రాకింగ్ ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం పూర్తిగా తీరదని కూడా తెలుసుకోవాలి: చాలా సప్లైలలో ఒక చానల్ యజమాని, రెండోది అనుచరుడు, యజమాని చానల్ కరెంటు పరిమితిని తాకి వోల్టేజీ తగ్గితే అనుచరుడూ తగ్గుతుంది గానీ, అనుచరుడు తగ్గితే యజమాని మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే బెంచ్ సప్లై మీద నడుస్తున్న కొత్త యాంప్లిఫయర్‌కు స్పీకర్ కట్టకూడదు. 8 ఓమ్‌ల పెద్ద రెసిస్టర్‌ను కట్టాలి.

ఇప్పటికే ఒంటి చానల్ సప్లై ఉన్నవారు రెండో దాన్ని కొని జత చేయవచ్చు, రెండింటి అవుట్‌పుట్లూ ఎర్త్‌తో సంబంధం లేనివైతే. అప్పుడు ప్రతి సప్లై అవుట్‌పుట్‌కు అడ్డంగా ఒక 3 ఆంపియర్ల డయోడ్‌ను, క్యాథోడ్ ప్లస్ వైపు ఉండేలా కట్టండి. ఒక సప్లై ముందు వెలిగినప్పుడు లోడ్ గుండా వచ్చే కరెంటు రెండో దాని అవుట్‌పుట్‌ను తలకిందులుగా లాగకుండా అది కాపాడుతుంది.

ప్రసిద్ధ పరికరాల ఏర్పాట్లను చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. అజిలెంట్, కీసైట్ పేర్లతో వచ్చిన ఈ3631ఏలో 6 వోల్టులు 5 ఆంపియర్ల చానల్ ఒకటి, ±25 వోల్టులు 1 ఆంపియర్ జంట ఒకటి ఉంటాయి. ఆ జంటకు కామన్ టెర్మినల్ ఒకటే కావడం ఆప్-యాంప్ పనికి అనుకూలమే. రిగోల్ డీపీ832లో 30 వోల్టులు 3 ఆంపియర్ల చానళ్లు రెండు, 5 వోల్టులు 3 ఆంపియర్ల చానల్ ఒకటి ఉంటాయి. కానీ 5 వోల్టుల చానల్‌కూ రెండో చానల్‌కూ గ్రౌండ్ ఉమ్మడి, మొదటి చానల్ మాత్రమే విడిగా ఉంటుంది. ± సరఫరాతో పాటు డిజిటల్ భాగానికి 5 వోల్టులు కూడా ఇవ్వదలచినవారు ఇలాంటి ఉమ్మడి గ్రౌండ్లు ఎక్కడున్నాయో వివరాల పుస్తకంలో ముందే చూసుకోవాలి.

3. కరెంటు ఎంత కావాలో లెక్క వేయండి

ఆప్-యాంప్ పనికి లెక్కే అక్కర్లేదు. చానల్‌కు అర ఆంపియర్ ఉన్నా మిగిలిపోతుంది. పవర్ యాంప్లిఫయర్ల దగ్గరే ఆలోచన అవసరం. 8 ఓమ్‌ల లోడ్‌లోకి 50 వాట్లు పంపాలంటే అవుట్‌పుట్ శిఖర వోల్టేజీ 28.3 వోల్టులు, శిఖర కరెంటు 3.54 ఆంపియర్లు. అయితే ప్రతి రైల్ సగం కాలమే పనిచేస్తుంది కనుక ఆ రైల్ నుంచి వెళ్లే సగటు కరెంటు శిఖరాన్ని π (3.14)తో భాగించినంత, అంటే సుమారు 1.13 ఆంపియర్లు. పవర్ సప్లై కరెంటు పరిమితి శిఖరాన్ని చూసి స్పందిస్తుంది, సగటును చూసి కాదు; అందుకే 1 ఆంపియర్ సప్లైతో నేరుగా పరీక్షిస్తే 8 ఓమ్‌లలోకి 4 వాట్ల దగ్గరే శిఖరం తెగిపోతుంది.

యాంప్లిఫయర్ బోర్డు మీద రైల్‌కు 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటే పరిస్థితి మారుతుంది. 1 ఆంపియర్ పరిమితి ఉన్న సప్లై సగటును అందిస్తూ ఉంటే, మధ్యలో వచ్చే శిఖరాలను కెపాసిటర్ భరిస్తుంది. 1000 హెర్ట్జ్ సిగ్నల్‌కు రైల్ వోల్టేజీలో వచ్చే ఊగిసలాట వోల్టులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే. అదే 20 హెర్ట్జ్ వద్ద ఆ ఊగిసలాట దాదాపు 6 వోల్టులకు చేరుతుంది. అంటే చిన్న సప్లైతో మధ్య పౌనఃపున్యాల పరీక్షలు చక్కగా జరుగుతాయి, బాస్ పరీక్షలు జరగవు. 3 ఆంపియర్ల చానళ్లుంటే కెపాసిటర్ల సాయం లేకుండానే 8 ఓమ్‌లలోకి 36 వాట్ల వరకు ఒక చానల్‌ను పరీక్షించవచ్చు. బయాస్ (సిగ్నల్ లేనప్పుడు పారే కరెంటు) సరిచేయడం, డీసీ ఆఫ్‌సెట్ (అవుట్‌పుట్‌లో మిగిలే డీసీ) చూడడం, ఆసిలేషన్ (యాంప్లిఫయర్ తనంతట తాను ఊగడం) పట్టుకోవడం, వక్రీకరణ కొలవడం వంటి పనులకు అంతకంటే ఎక్కువ ఎప్పుడో గానీ అవసరం పడదు. కాబట్టి నా సలహా: రెండు చానళ్లు, ఒక్కొక్కటి 30 వోల్టులు, 1 నుంచి 3 ఆంపియర్లు. పది ఆంపియర్ల ఒంటి చానల్ సప్లై అదే ధరకు దొరికినా వద్దనుకోండి.

క్లాస్-డి కట్టేవారికి ఒక చిన్న హెచ్చరిక. ± సరఫరాతో నడిచే హాఫ్-బ్రిడ్జ్ (స్పీకర్ ఒక చివర గ్రౌండ్‌కు ఉండే) క్లాస్-డి యాంప్లిఫయర్ తక్కువ పౌనఃపున్యాల వద్ద ఒక రైల్ నుంచి తీసుకున్న శక్తిలో కొంత రెండో రైల్‌కు తిరిగి నెడుతుంది. మామూలు బెంచ్ సప్లై కరెంటు ఇవ్వగలదే గానీ లోపలికి తీసుకోలేదు కనుక ఆ రైల్ వోల్టేజీ పైకి ఎగబాకుతుంది. ఒంటి సరఫరాతో నడిచే ఫుల్-బ్రిడ్జ్ (స్పీకర్ రెండు చివరలనూ నడిపే) బోర్డులలో ఈ సమస్య లేదు.

4. లీనియరా, స్విచింగా?

ఆడియోవాళ్లు ఎక్కువగా వాదించుకునేది ఈ విషయం మీదే కనుక కొంచెం నిదానంగా చూద్దాం.

లీనియర్ సప్లైలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్లు, వాటి తర్వాత అదనపు వోల్టేజీని వేడిగా ఖర్చుచేసే ట్రాన్సిస్టర్లు ఉంటాయి. దాని రిపుల్ (డీసీ మీద మిగిలే ఊగిసలాట) మెయిన్స్ పౌనఃపున్యానికి రెట్టింపు దగ్గర, అంటే 100 లేదా 120 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. మంచి పరికరంలో అది 1 మిల్లీవోల్టు ఆర్ఎంఎస్ కంటే తక్కువ. కరెంటును చాలా వేగంగా వేసి తీస్తూ వోల్టేజీని మార్చే స్విచింగ్ సప్లై తేలిక, చల్లన, చవక; కానీ దాని అవుట్‌పుట్ మీద పదుల మిల్లీవోల్టుల రిపుల్, దాని మీద సన్నని ముళ్లలాంటి స్పైకులు ఉండడం మామూలు. ఆ పౌనఃపున్యం పదుల నుంచి వందల కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది కనుక చెవికి వినబడదు, కాబట్టి పరవాలేదని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో లోపం ఉంది. ఆప్-యాంప్‌లు సరఫరాలోని మలినాన్ని తోసిపుచ్చే శక్తి తక్కువ పౌనఃపున్యాల వద్ద చాలా గొప్పది. ఎన్‌ఈ5532కు అది మామూలుగా 100 డెసిబెల్స్, అంటే రైల్ మీది 1 మిల్లీవోల్టు రిపుల్ ఇన్‌పుట్ వద్ద లక్షో వంతుగా మాత్రమే కనబడుతుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. 100 హెర్ట్జ్ హమ్‌ను అంత బాగా అడ్డుకున్న ఐసీయే 100 కిలోహెర్ట్జ్ మలినాన్ని చాలావరకు లోపలికి రానిస్తుంది. లోపలికి వచ్చినది సిగ్నల్‌తో కలిసి, వినబడే పరిధిలోకి కొత్త తేడా పౌనఃపున్యాలను తేగలదు. రెండు స్విచింగ్ సప్లైలను జతగా వాడినప్పుడు వాటి స్విచింగ్ పౌనఃపున్యాల మధ్య తేడా కొన్ని కిలోహెర్ట్జ్‌లే అయితే సన్నని ఈల కూడా వినిపించవచ్చు.

రెండో సమస్య అవుట్‌పుట్ రెండు తీగల మధ్య ఉండేది కాదు, రెండింటినీ కలిపి ఎర్త్‌తో పోల్చినప్పుడు కనిపించేది. స్విచింగ్ సప్లైలలో మెయిన్స్ వైపును అవుట్‌పుట్ వైపుతో కలిపే చిన్న వై-కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ పిన్ను లేని అడాప్టర్లలో దాని వల్ల అవుట్‌పుట్ మొత్తం మెయిన్స్ వోల్టేజీలో సగం వరకు తేలుతూ ఉండవచ్చు. కరెంటు చాలా స్వల్పమే అయినా, సర్క్యూట్‌కు మరో పరికరం నుంచి ఆడియో కేబుల్ తగిలించగానే ఆ కరెంటు కేబుల్ షీల్డ్ గుండా పారి గరగర శబ్దమవుతుంది. దీన్ని వివరాల పట్టికలోని రిపుల్ అంకె చెప్పదు. ల్యాప్‌టాప్ అడాప్టర్‌కు తగిలించి వాడే బక్ కన్వర్టర్ (వోల్టేజీని స్విచింగ్‌తో తగ్గించే) రకపు చిన్న డిజిటల్ సప్లై మాడ్యూళ్లు ఈ రెండు సమస్యలనూ ఒకేచోట కూడగడతాయి. ఫోనో ప్రీయాంప్లిఫయర్, మైక్ ప్రీయాంప్లిఫయర్ కట్టేవారికి వాటిని నేను సూచించను; మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులు, మూవింగ్ కాయిల్ ఇచ్చేది అందులో పదో వంతు లేదా ఇంకా తక్కువ కనుక, ఆ స్థాయిలో ప్రతి మలినమూ వినబడుతుంది. క్లాస్-డి బోర్డులు, ఎల్ఈడీలు, డిజిటల్ భాగాలు పరీక్షించడానికైతే అవి చాలు.

లీనియర్‌కూ లోపాలున్నాయి. 30 వోల్టుల సప్లైని 5 వోల్టులకు తిప్పి 3 ఆంపియర్లు తీస్తే, మిగిలిన వోల్టేజీ అంతా లోపలే వేడిగా మారుతుంది. ఆ వేడిని తగ్గించడానికి చాలా సప్లైలు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులను రిలేతో మారుస్తాయి. వోల్టేజీ నాబ్ తిప్పుతుంటే వినిపించే టిక్కుమనే చప్పుడు అదే. మిగిలిన వేడికి ఫ్యాను ఉంటుంది. యాంప్లిఫయర్ నుంచి వచ్చే సన్నని హిస్ (బుసలాంటి శబ్దం) మీరు వినే ప్రయత్నంలో ఉన్నప్పుడు పక్కన ఫ్యాను మోగుతుంటే ఎంత చిరాకో చెప్పనక్కరలేదు. ఉష్ణోగ్రతను బట్టి తిరిగే ఫ్యాను, లేదా ఫ్యానే లేకుండా వెనుక హీట్‌సింక్ ఉన్న పరికరం ఆడియో బల్లకు మేలు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం గిటార్ పికప్‌లోకి, ఫోనో ఇన్‌పుట్ వైరింగ్‌లోకి హమ్‌ను ప్రేరేపిస్తుంది కాబట్టి సప్లైని సర్క్యూట్‌కు కనీసం చేతిపొడవు దూరంలో ఉంచండి. సప్లైని పక్కకు తిప్పినప్పుడు హమ్ మారితే దానికి కారణం తీగల ద్వారా వచ్చే రిపుల్ కాదు, ఆ క్షేత్రమే.

ఇప్పటికే స్విచింగ్ సప్లై కొన్నవారు దాన్ని పారేయనక్కరలేదు. ప్రతి రైల్‌లో 10 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, దానికి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్ పెడితే 16 హెర్ట్జ్ నుంచే వడపోత మొదలవుతుంది. 50 మిల్లీఆంపియర్ల సర్క్యూట్‌కు పోయే వోల్టేజీ అర వోల్టే. వై-కెపాసిటర్ వల్ల వచ్చే గరగరను మాత్రం ఈ ఫిల్టర్ ఆపలేదు.

5. కరెంటు పరిమితి నాణ్యతను చూడండి

నా దృష్టిలో కొనుగోలును నిర్ణయించవలసింది ఇదే. కరెంటు పరిమితి అంటే మీరు పెట్టిన కరెంటును సర్క్యూట్ మించబోతే వోల్టేజీని తగ్గించి ఆ కరెంటు దగ్గరే నిలిపే ఏర్పాటు. అప్పుడు సప్లై మీద సీసీ (స్థిర కరెంటు) అనే దీపం వెలుగుతుంది, మామూలు సమయంలో సీవీ (స్థిర వోల్టేజీ) దీపం వెలుగుతూ ఉంటుంది. పరిమితి దాటగానే అవుట్‌పుట్‌ను పూర్తిగా ఆపేసే ఓసీపీ అనే పద్ధతి కూడా కొన్నింటిలో ఉంటుంది. సర్క్యూట్‌లోని కెపాసిటర్లు నిండే తొలి క్షణంలోనే ఓసీపీ అవుట్‌పుట్‌ను ఆపేయవచ్చు కనుక తొలి పరీక్షకు సీసీ పద్ధతే సరైనది.

పరిమితిని ఎంత చిన్న మెట్లలో పెట్టగలమన్నది ముఖ్యం. 10 మిల్లీఆంపియర్ల మెట్లలో మాత్రమే చూపే సప్లై మీద, 8 మిల్లీఆంపియర్లు తీసుకోవలసిన ఐసీ 14 తీసుకుంటున్నదని మీకు తెలియదు. 1 మిల్లీఆంపియర్ వరకు చూపే పరికరాన్ని ఎంచుకోండి. ఆ అంకెలు ఆసిలేషన్‌ను కూడా పట్టిస్తాయి: సిగ్నల్ లేకుండానే కరెంటు అనుకున్నదానికంటే ఎక్కువగా ఉండి, ఇన్‌పుట్ దగ్గర వేలు పెట్టినప్పుడు మారుతుంటే, యాంప్లిఫయర్ చెవికి అందని పౌనఃపున్యంలో ఊగుతున్నదని అనుమానించాలి.

పరిమితి కంటే ముందు పరిగెత్తేది ఒకటుంది, అది సప్లై అవుట్‌పుట్ టెర్మినళ్లకు అడ్డంగా లోపల ఉండే కెపాసిటర్. మీరు పరిమితిని 20 మిల్లీఆంపియర్లకు పెట్టినా ఆ కెపాసిటర్‌లోని శక్తికి ఆ పరిమితి వర్తించదు. 470 మైక్రోఫారడ్లు 30 వోల్టుల వద్ద 0.2 జౌల్ దాచుకుంటుంది, చిన్న ట్రాన్సిస్టర్‌ను చంపడానికి అది చాలు. మంచి సప్లైలలో ఈ కెపాసిటర్ చిన్నదిగా ఉంటుంది. ఏదైనా సరే, వోల్టేజీ ఉన్న తీగను సర్క్యూట్‌కు తగిలించకూడదు. అవుట్‌పుట్ ఆపి, తీగలు కట్టి, ఆ తర్వాత బటన్ నొక్కాలి. అవుట్‌పుట్ బటన్ లేని పాత రకాల్లో వోల్టేజీని సున్నాకు తెచ్చి, కట్టాక పెంచాలి.

వాడిన పరికరం కొంటుంటే నాబ్‌ల కింది పొటెన్షియోమీటర్లను పరీక్షించండి. కొన్ని డిజైన్లలో అరిగిన పొటెన్షియోమీటర్ స్పర్శ ఒక్క క్షణం పోతే అవుట్‌పుట్ గరిష్ఠానికి దూకుతుంది, ±15 వోల్టుల సర్క్యూట్‌కు 30 వోల్టులు అందుతాయి. మల్టీమీటర్ పెట్టి నాబ్‌ను మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా తిప్పినప్పుడు అంకెలు ఎక్కడా ఎగరకుండా పెరగాలి. డిజిటల్ రకాల్లో నాబ్‌ను పొరపాటున తాకినా మారకుండా తాళం వేసే సదుపాయం ఉందో లేదో చూడండి.

రిమోట్ సెన్స్ (లోడ్ దగ్గరి వోల్టేజీని కొలిచి సరిచేసే సదుపాయం), కంప్యూటర్ అనుసంధానం, రంగుల తెర వంటివాటికి ఆడియో పనిలో పెద్దగా పాత్ర లేదు. తీగల గురించి మాత్రం ఒక మాట: 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరు పొడవున వెళ్లి తిరిగి వస్తే 0.07 ఓమ్ అవుతుంది, 2 ఆంపియర్లకు 0.14 వోల్టు పోతుంది. సప్లైతో వచ్చే క్రొకడైల్ క్లిప్పుల తీగలు తరచూ ఇంకా సన్నగా ఉంటాయి. పొట్టివి, లావువి మీరే చేసుకొని, ప్లస్, గ్రౌండ్, మైనస్ తీగలు మూడింటినీ కలిపి మెలితిప్పండి.

6. పరికరం చేతికి వచ్చాక పరీక్షించండి

వెనుక మెయిన్స్ వోల్టేజీ ఎంపిక స్విచ్ ఉంటే అది మీ సరఫరాకు సరిపోయేలా ఉందో లేదో ప్లగ్గు పెట్టకముందే చూడండి. ప్లగ్గు పెట్టకుండానే మల్టీమీటర్‌ను ఓమ్‌లలో ఉంచి, ప్రతి చానల్ మైనస్ నుంచి ప్లగ్గు ఎర్త్ పిన్నుకు, ఒక చానల్ నుంచి మరో చానల్‌కు కొలవండి. ఉమ్మడి గ్రౌండ్ ఉన్నట్టు వివరాల పుస్తకం చెప్పిన చానళ్ల మధ్య తప్ప ఎక్కడా సంబంధం కనబడకూడదు. ఎర్త్ పిన్ను నుంచి లోహపు పెట్టెకు మాత్రం దాదాపు సున్నా ఓమ్ రావాలి.

తర్వాత 15 వోల్టులకు పెట్టి, 10 ఓమ్‌లు 50 వాట్ల రెసిస్టర్‌ను కట్టండి. రెసిస్టర్ 22 వాట్లకు పైగా వేడెక్కుతుంది కనుక దాన్ని చెక్క మీద గానీ ప్లాస్టిక్ మీద గానీ పెట్టకండి. సప్లై 1 ఆంపియర్ రకమైతే 22 ఓమ్‌ల రెసిస్టర్ వాడండి. లోడ్ పెట్టకముందు, పెట్టాక టెర్మినళ్ల దగ్గరే కొలిస్తే వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులకు మించి తగ్గకూడదు. అరగంట అలాగే ఉంచి, వేడిని, వాసనను, ఫ్యాను చప్పుడును గమనించండి.

ఆసిలోస్కోప్ ఉంటే లోడ్ మీదనే రిపుల్ చూడండి. ఏసీ కప్లింగ్, 20 మెగాహెర్ట్జ్ పరిమితి పెట్టి, ముందుగా ప్రోబు మొననూ దాని గ్రౌండ్ క్లిప్పునూ రెండింటినీ మైనస్ టెర్మినల్‌కే తాకించండి. అప్పుడు కూడా కనిపించే మలినం ప్రోబు గాలిలోంచి పట్టుకున్నది, సప్లైది కాదు. ఆ తర్వాత మొనను ప్లస్‌కు మార్చండి. ఇంకొక పరీక్ష చాలామంది చేయరు: స్కోప్‌ను డీసీ కప్లింగ్‌కు మార్చి, ట్రిగర్‌ను (స్కోప్ గీతను పట్టుకునే వోల్టేజీ స్థాయిని) సప్లైలో పెట్టిన వోల్టేజీ కంటే ఒక వోల్టు పైన ఉంచి, అవుట్‌పుట్ బటన్‌నే కాక మెయిన్స్ స్విచ్‌ను కూడా పలుమార్లు వేసి తీయండి. ట్రిగర్ ఒక్కసారైనా పడితే ఆ సప్లై వెలిగేటప్పుడో ఆరేటప్పుడో వోల్టేజీ ఎగదన్నుతున్నదన్నమాట. దాన్ని తిరిగి ఇచ్చేయడం మంచిది.

స్కోప్ లేనివారికి రెండు 9 వోల్టుల బ్యాటరీలు మంచి కొలబద్ద. వాటిని వరుసగా కలిపి ±9 వోల్టులుగా చేసి, చాలా ఆప్-యాంప్ ప్రీయాంప్లిఫయర్లను నడపవచ్చు. బ్యాటరీతో వినబడని హమ్ లేదా ఈల సప్లైతో వినబడితే లోపం సప్లైది. రెండింటితోనూ వినబడితే మీ వైరింగ్‌ది.

7. మొదటి సర్క్యూట్‌ను దాని మీద వెలిగించండి

అవుట్‌పుట్ ఆపి ఉంచి వోల్టేజీ పెట్టండి. కరెంటు పరిమితిని సర్క్యూట్ తీసుకోవలసిన దానికంటే కాస్త పైన ఉంచండి. ఆరు ఎన్‌ఈ5532ల బోర్డుకు రైల్‌కు 100 మిల్లీఆంపియర్లు సరిపోతాయి. పరిమితిని ముందే చూపని నాబ్ రకమైతే, వోల్టేజీని 3 వోల్టులకు తగ్గించి, ప్లస్ మైనస్‌లను తీగతో షార్ట్ చేసి, మీటరులో కావలసిన కరెంటు కనిపించే వరకు నాబ్ తిప్పి, తీగ తీసేయండి. గ్రౌండ్ తీగను ముందు, రైళ్లను తర్వాత కట్టండి. అవుట్‌పుట్‌కు స్పీకర్ గానీ హెడ్‌ఫోన్ గానీ తగిలించకండి.

బటన్ నొక్కగానే సీసీ దీపం ఒక్క క్షణం వెలిగి ఆరడం సహజం, అది కెపాసిటర్లు నిండే సమయం. ఆ సమయం ఎంతో ముందే లెక్కించవచ్చు: 1000 మైక్రోఫారడ్లు 100 మిల్లీఆంపియర్లతో 15 వోల్టులకు నిండడానికి 0.15 సెకను, 4700 మైక్రోఫారడ్లు 30 వోల్టులకు నిండడానికి 1.4 సెకన్లు పడుతుంది. లెక్కించిన సమయం దాటినా దీపం ఆరకపోతే వెంటనే ఆపి, తలకిందులైన ఐసీ, తిరగబడిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, సోల్డర్ వంతెన, ఈ మూడింటినీ ఆ క్రమంలో వెతకండి. దీపం ఆరితే రెండు రైళ్ల కరెంట్లను పోల్చండి. ఆప్-యాంప్ బోర్డులో అవి దాదాపు సమానంగా ఉండాలి, తేడా కనబడితే ఆ కరెంటు గ్రౌండ్‌లోకో అవుట్‌పుట్‌లోకో పోతున్నట్టు. ఆ తర్వాత అవుట్‌పుట్ వద్ద డీసీ కొలవండి. పవర్ యాంప్లిఫయర్‌లో అది పదుల మిల్లీవోల్టులు దాటితే, ఆ తప్పు దొరికే వరకు స్పీకర్ జోలికి పోవద్దు.

పవర్ యాంప్లిఫయర్‌ను బెంచ్ సప్లై మీద ఇలా సరిచూసి, 8 ఓమ్‌ల రెసిస్టర్ లోకి సైన్ తరంగం శుభ్రంగా వస్తున్నదని తేల్చుకున్నాక, దాని సొంత ట్రాన్స్‌ఫార్మర్‌కు మార్చేటప్పుడు ఇక కరెంటు పరిమితి ఉండదని గుర్తుంచుకోండి. ఆ మొదటిసారికి మెయిన్స్ తీగలో వరుసగా 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును, సరైన హోల్డరులో, ఇన్సులేషన్ చెదరకుండా అమర్చిన పెట్టె ద్వారా కట్టండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్విచ్ వేయగానే బల్బు వెలిగి, వెంటనే మసకబారితే అంతా సవ్యంగా ఉన్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే ప్లగ్గు తీసేసి, రిజర్వాయర్ కెపాసిటర్ల (సరఫరాలోని పెద్ద కెపాసిటర్ల) వోల్టేజీ 1 వోల్టు కంటే తగ్గిందని మీటరుతో చూశాకే పెట్టెలో చేయి పెట్టండి.